చాటింపు ఎవరిది?

కళ నిజం మాట్లాడుతుందా అని అడిగేవాళ్లను మేము ముందు తప్పెట దగ్గరికి రమ్మంటాం. ఆత్మకూరు చుట్టుపక్కలైనా, సీమలో ఇంకే పల్లెయినా, దేవరకూ, పీర్ల పండక్కీ, పెద్దోళ్లింట్లో చావుకూ తప్పెట మోగాల్సిందే. కొట్టేది మాదిగ చెయ్యి. చాటింపులో మాట మాత్రం ఊరిపెద్దలది. తోలూ, చెమటా మావి, అభిప్రాయం వాళ్లది! దక్కింది కళ్లంలో నాలుగు గింజలు. దాన్ని కళ అనలేదు, వెట్టి అన్నారు. పండితుల జాబితా మృదంగం దగ్గరే ఆగిపోయింది. మృదంగానికీ తోలే కావాలి కదా, ఆ సంగతి వాళ్లకెందుకో గుర్తురాదు.

1985లో కారంచేడు, 1991లో చుండూరు జరిగాయి. దళితుల పాట గొంతు మారింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. పేరు చూడండి. పెత్తందారు ఆజ్ఞల్ని మోసిన మాటనే ఉద్యమం తన పేరు చేసుకుంది. అదే తప్పెట, అవే రెండు పుల్లలు, మంట సెగకు కాచి బిగించడమూ అదే. ఏం చాటాలో మాత్రం కొట్టేవాడే తేల్చుకున్నాడు. నిజాయితీ అంటే మా లెక్కలో అదే. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పేదాకా ఆ చాటింపు ముప్పై ఏళ్లు నడిచింది. తీర్పు మీద దళితుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి, అది వేరే చర్చ.

ఇప్పుడు చాలా ఊళ్లలో మా పిల్లోళ్లు పెద్దోళ్ల చావులకు కొట్టడం మానేశారు. సభకు పిలిస్తే మాత్రం తప్పెట భుజాన వేసుకుని వస్తారు. జానపద కళ నశించిపోతోందని వ్యాసాలు రాసేవాళ్లు ఈ ముక్క కూడా రాస్తే బాగుండు.