చిన్న పడవ నుండి పెద్ద మరబోటుకు

బోగోలు మండలమందలి జువ్వలదిన్నె తీరమున మత్స్యకారులు వేట ముగించి ఫైబరు పడవను ఇసుకపైకి లాగుకొందురు. దానిని అమ్మి, ఒకరు వాడిన పెద్ద మరబోటును కొనదలచువారు మూడు విషయములను గ్రహింపవలెను.

మొదటిది, పెద్ద బోటు ఇసుకపైకి రాదు. దానికి లోతైన నీరుగల రేవు కావలెను. జువ్వలదిన్నె హార్బరు ప్రయోజనమిదియే.

రెండవది, 1994 నాటి రాష్ట్ర చట్టము ననుసరించి తీరమునకు 8 కిలోమీటర్ల మేర సంప్రదాయ పడవలది. మరబోటు దానిని దాటియే వేటాడవలెను. డీజిలు ఖర్చు పెరుగును.

మూడవది, ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషిద్ధము. అప్పుపై వడ్డీ మాత్రము ఆగదు.

కావున రంగు చూచి మురియక, బోటును నీటినుండి పైకి తీయించి అడుగుభాగమును, ఇంజనును నిపుణునిచే పరీక్షింపజేసి, రిజిస్ట్రేషను మార్పునకు ఏర్పాటు చేసికొన్న పిదపనే పూర్తి సొమ్ము చెల్లించుట క్షేమము.