కరెంటు వ్యాను కొనేముందు కూలి కుటుంబాలు వెయ్యవలసిన లెక్క

కల్లూరు సెంటరులో తెల్లవారి ఆరు గంటలకు నిలబడితే మన పల్లెల సంగతంతా కళ్లకు కడుతుంది. ఒకవైపు మిరప కోతలకు, పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్లు టిఫిను డబ్బాలతో బండి కోసం చూస్తుంటారు. ఇంకొకవైపు పాలక్యాన్లు, కూరగాయల బస్తాలు, కిరాణా పెట్టెలు మోసే ట్రాలీ ఆటోలు. వరికోత మిషను వచ్చాక కోతపని పోయింది. కలుపు మందు వచ్చాక కలుపుతీత తగ్గింది. ఇప్పుడు మందు కొట్టడానికి డ్రోన్లు దిగుతున్నాయి. పనిదినాలు తగ్గిన ఇళ్లలో చదువుకున్న కుర్రవాళ్లు ఒకటే మాట అడుగుతున్నారు: "అన్నా, కరెంటు వ్యాను ఒకటి తీసుకుంటే ఎట్లా ఉంటది? డీజిల్ ఖర్చు లేదంట గదా!"

మొన్న పెరువంచ వైపు నుంచి వచ్చిన పొదుపు సంఘం ఆడవాళ్లు కూడా ఇదే అడిగారు. వాళ్ల ఆలోచన కూరగాయలు, పాలు, పచ్చళ్లు ఊరూరా చేర్చే వ్యాపారం. మంచి ఆలోచనే. అయితే షోరూము వాడు కాగితం మీద వేసి చూపించే లెక్క వేరు, మన బతుకు లెక్క వేరు. ఆ రెండో లెక్క వెయ్యడానికే ఇది రాస్తున్నాం.

మేమెందుకు ఇంత జాగ్రత్త చెబుతున్నామో ముందు చెప్పాలి. 2019లో మా సంఘంలో పనిచేసే ఒక కూలి కుర్రవాడు ఫైనాన్సు మీద ట్రాలీ ఆటో తెచ్చాడు. మేమూ సంతోషపడి హామీ సంతకం పెట్టినవాళ్లమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బండి ఇంటి ముందు నిలబడిపోయింది. వాయిదాలు వాయిదా వేసుకోవచ్చని రిజర్వు బ్యాంకు అన్నది గాని, ఆ ఆరు నెలలకూ వడ్డీ మీద వడ్డీ పెరుగుతూనే ఉన్నది. తర్వాత రెండు కిస్తీలు తప్పాయి. ఫైనాన్సు మనుషులు ఒక పొద్దుటే వచ్చి బండి తోలుకుపోయారు. ఆ పిల్లవాడు మళ్లీ పలుగు పట్టాడు, అప్పు మాత్రం తీరలేదు. బండి మంచిదా చెడ్డదా అన్నది మేం అప్పుడు చూశాం. దానికి రోజూ తిరుగుడు ఉన్నదా లేదా అన్నది చూడలేదు. తప్పు అక్కడ జరిగింది.

ఏ బండ్లు ఉన్నాయి?

చిన్న కరెంటు బండ్లు రెండు రకాలు. మూడు చక్రాలవి ఒకటి. 2020 అక్టోబరులో వచ్చిన మహీంద్రా ట్రియో జోర్ ఈ రకమే. బ్యాటరీ 7.37 యూనిట్లు పడుతుంది, ఐదున్నర క్వింటాళ్లు మోస్తుంది. వేగం తక్కువ. నాలుగు చక్రాలవి రెండో రకం. 2005లో డీజిల్ మీద వచ్చి జనం నోట 'చోటా హాథీ' అయిన టాటా ఏస్‌కు కరెంటు రూపం 2022 మేలో వచ్చింది. బ్యాటరీ 21.3 యూనిట్లు, మోత 600 కిలోలు, కంపెనీ చెప్పే దూరం 154 కిలోమీటర్లు. 2024 మేలో టన్ను మోసే రకం వచ్చింది. 2025 జూనులో ఏస్ ప్రో అని ఇంకా చిన్నది వచ్చింది. మోత 750 కిలోలు, బ్యాటరీ 14.4 యూనిట్లు. అప్పటి షోరూము ధరల్లో పెట్రోలుది 3.99 లక్షల నుంచి, కరెంటుది 6.50 లక్షల నుంచి మొదలు. మహీంద్రా వాళ్ల జియో 2024 అక్టోబరులో వచ్చింది.

పేర్లు ఏవైనా కావచ్చు. అడగవలసిన ప్రశ్నలు మాత్రం మారవు.

మొదటి ప్రశ్న: ఎంత దూరం, ఎంత బరువు?

కంపెనీ చెప్పే దూరం పరీక్షలో కొలిచింది. మన రోడ్డు మీద, మన ఎండలో, పూర్తి మోతతో అంత రాదు. కాగితం మీది దూరంలో మూడోవంతు తీసేసి లెక్క వేసుకోండి. నూట యాభై అంటే నూరు అనుకోండి. కల్లూరు నుంచి తల్లాడ, వైరా మీదుగా ఖమ్మం పోయిరావాలంటేనే నూరు కిలోమీటర్లకు చేరువ. అంటే రోజూ ఖమ్మం రైతుబజారుకు సరుకు తోలేవాళ్లకు చిన్న బ్యాటరీ బండి పనికిరాదు. అక్కడ సరుకు దించే సమయంలో ఛార్జింగు దొరికితే తప్ప తిరుగు ప్రయాణం కష్టం. పెనుబల్లి, సత్తుపల్లి, చుట్టు ఊళ్లు తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరే బండికైతే ఇది సరిపోతుంది. ఏన్కూరు, జూలూరుపాడు అడవి పల్లెల్లోకి పోయేవాళ్లు గతుకుల మట్టి రోడ్డును, ఎత్తును కూడా లెక్కలో పెట్టుకోవాలి.

బరువు సంగతీ అంతే. 600 కిలోలంటే నలభై కిలోల ధాన్యం బస్తాలు పదిహేను. ట్రాలీ ఆటోకు అలవాటుపడ్డ మనం ఇరవై ఐదు బస్తాలు వేస్తాం. ఇది అట్లా మోయదు. మోసినా దూరం పడిపోతుంది, టైర్లు, బ్రేకులు పోతాయి, వారంటీ అడిగితే ఓవర్‌లోడు అంటారు.

రెండో ప్రశ్న: కరెంటు ఎక్కడిది?

ఇక్కడే చాలామంది మోసపోతారు. ఇంట్లో ప్లగ్గు పెడితే చాలంటారు షోరూము వాళ్లు. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా మన ఇళ్లకు బిల్లు లేదు. ఆ గీత దాటితే మొత్తం బిల్లు మన నెత్తినే పడుతుంది. చిన్న మూడు చక్రాల బండికే రోజుకు ఎనిమిది యూనిట్లు, నెలకు పాతిక రోజులకు 200 యూనిట్లు. ఇంట్లో ఒక్క బల్బు వెలగకుండానే గీత దగ్గరికి వచ్చేశాం. నాలుగు చక్రాల పెద్ద బ్యాటరీకి రోజూ నిండా పెడితే 500 యూనిట్లు దాటుతుంది. అందుకని బండికి వేరే మీటరు తీసుకోవాలి. బాగా ఎర్తింగు, 15 ఆంపియర్ల ప్లగ్గు ఉండాలి. పొలం మోటారు లైను ఉచితం గదా అని అక్కడ పెట్టబోతారేమో! అది సేద్యానికిచ్చిన కరెంటు. పట్టుబడితే కేసు, జరిమానా తప్పవు. రైతు కనెక్షనుకూ ముప్పు.

మూడో ప్రశ్న: మిగిలేదెంత?

ఇప్పుడు అసలు లెక్క. పెట్రోలు లీటరు 108 రూపాయలు, చిన్న వ్యాను లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు ఆరు రూపాయలు. కరెంటు యూనిట్ 8 రూపాయలని ఎక్కువే వేసుకున్నా కిలోమీటరుకు రెండు దాటదు. మిగులు నాలుగు రూపాయలు. పైన చెప్పిన ఏస్ ప్రో రెండు రకాల మధ్య ధర తేడా 2.51 లక్షలు.

రోజుకు 60 కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు తిరిగితే 1,500 కిలోమీటర్లు, మిగులు 6,000 రూపాయలు. ఆ తేడా మూడున్నరేళ్లలో రాబట్టుకోవచ్చు. అదే రోజుకు 20 కిలోమీటర్లే తిరిగితే మిగులు నెలకు 2,000. తేడా రాబట్టడానికి పదేళ్లు దాటుతుంది. అప్పటికి బ్యాటరీ ముసలిదైపోతుంది. కాబట్టి తక్కువ తిరిగేవాళ్లకు కరెంటు బండి లాభం కాదు. ఎక్కువ తిరిగి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లకే లాభం.

అప్పు సంగతి ఇంకా గట్టిది. ఐదు లక్షలు 12 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 11,100. మొత్తం కట్టేది 6 లక్షల 67 వేలు. నెలకు పాతిక రోజుల పని అనుకుంటే పొద్దున లేచేసరికి 444 రూపాయలు బాకీ ఉన్నట్టే. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వాన కురిసినా, జ్వరమొచ్చినా, గిరాకీ లేకపోయినా ఆ 444 ఆగదు. బండికి కచ్చితమైన గిరాకీ ముందు కుదిరితేనే సంతకం పెట్టాలి.

బ్యాటరీ, ఎండ, వాన

బండి ధరలో పెద్ద భాగం బ్యాటరీదే. వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు, శక్తి ఎంత శాతానికి పడిపోతే మారుస్తారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. 2022 నాటి ఏస్‌కు ఏడేళ్లు లేదా లక్షా 75 వేల కిలోమీటర్లు అని ఇచ్చారు. సర్వీసు ఎక్కడుందో, ఖమ్మం దాకా బండిని లాగించే ఖర్చు ఎవరిదో అడగాలి. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత కేంద్రం భద్రతా నియమాలు బిగించింది. అయినా మనం నిద్రపోయే గదిలో, గడ్డివాము పక్కన ఛార్జింగు పెట్టొద్దు. మన జిల్లా ఎండ ఎట్లాంటిదో చెప్పనక్కరలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆగి వేడెక్కిన బండికి వెంటనే ఛార్జింగు వద్దు, నీడలో చల్లారనివ్వాలి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది గదా! వరద నీళ్లలో నిలిచిన బండికి మెకానిక్ చూడకుండా ప్లగ్గు పెట్టరాదు. పొంగే వాగులో దించనే దించరాదు.

కాగితాలు, మనుషుల ప్రాణాలు

తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి చిన్న సరుకు వాహనాలతో సహా కరెంటు బండ్లకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు లేదు. ఆ ఉత్తర్వు 2026 డిసెంబరు 31 దాకా అని ఉన్నది. కరెంటు రవాణా బండ్లకు పర్మిటు అక్కరలేదని కేంద్రం 2018 అక్టోబరులో చెప్పింది. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ మాత్రం తప్పవు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు ఇచ్చింది. కేంద్రం 2024 అక్టోబరులో తెచ్చిన పీఎం ఇ-డ్రైవ్ పథకంలో మూడు చక్రాల బండ్లను చేర్చారుగాని చిన్న నాలుగు చక్రాల వ్యాన్లను చేర్చలేదు. "సబ్సిడీ వస్తది, మేం ఇప్పిస్తం" అనేవాళ్ల మాట నమ్మి అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాం. సరుకు బండిలో కూలీలను ఎక్కించొద్దు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో మిరప కోతలకు పోతున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది కూలీలు ప్రాణాలు విడిచారు. సరుకు బండికి మనుషుల ఇన్సూరెన్సు ఉండదు. ఆ ఇంటివాళ్లకు నష్టపరిహారం కోసం ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. పైగా ఈ బండికి చప్పుడు ఉండదు. ఊళ్లో పిల్లలు, పశువులు వినరు, హారను కొట్టి నిదానంగా పోవాలి.

యజమాని అనే పేరు, కూలి అనే బతుకు

పట్నం కంపెనీల పార్శిళ్లకు బండి పెడితే గిరాకీ ఖాయమంటారు. బండి మనది, అప్పు మనది, టైరు పేలితే ఖర్చు మనది. రేటు మాత్రం వాళ్లది. ఫోనులో ఒక్క నొక్కుతో పని ఆపేస్తారు. మూడేళ్లకైనా రాతపూర్వక ఒప్పందం, కనీస నెల చెల్లింపు, ఖాళీ తిరుగు ప్రయాణానికి కిరాయి ఇవి లేకుండా బండి పెట్టొద్దు. ఇట్లాంటి కార్మికులకు మన దేశంలో మొదటి చట్టం 2023లో రాజస్థాన్‌లో వచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడులోనూ వీళ్ల ప్రస్తావన ఉంది. కాగితం మీది హక్కు చేతికి రావాలంటే బండ్ల వాళ్లు కూడా మనలాగే సంఘం కట్టాలి.

పెరువంచ అక్కలకు మేం చెప్పింది ఇది. ఒక్కరి పేర అప్పు వద్దు, ఐదారు కుటుంబాలు కలవండి. కొనకముందే నెలరోజులు కిరాయి ట్రాలీతో అదే దారి తిరగండి. రోజూ ఎన్ని కిలోమీటర్లు, ఎంత సరుకు, ఎంత వసూలు అన్నది ఒక నోటుపుస్తకంలో రాయండి. 50 కిలోమీటర్లు దాటి, కిస్తీ పోను డ్రైవరు కూలి మిగిలితేనే బండి మాట. కొన్నాక కిలోమీటరుకు ఒక రూపాయి చొప్పున బ్యాటరీ కోసం వేరే ఖాతాలో వేయండి. నెలకు 1,500, ఐదేళ్లకు 90 వేలు అవుతుంది. డ్రైవరుకు కూలి, వారానికి ఒక సెలవు రాసిపెట్టండి. మన బండి మీద మన పిల్లవాడే వెట్టి చేయకూడదు.

వాళ్లలో పెద్దామె అన్నది: "అయితే ముందు బుక్కు కొంటం, తర్వాత బండి." ఆ నోటుపుస్తకం మొదలైంది. నెల తిరిగాక ఆ లెక్కలు దగ్గర పెట్టుకుని మళ్లీ కూర్చుంటాం. మిగతా ఊళ్ల కార్యకర్తలు కూడా బండి అడిగే కుర్రవాళ్లతో ముందు ఈ పని చేయించండి.