జడుసుకున్న పిల్లల కోసం: కొన్ని విశేషాలు

2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్‌లో మనుషులు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లోనే ఆస్పత్రికి వచ్చినవాళ్లు 600 దాటారు. వాళ్లలో పిల్లలూ ఉన్నారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. చాలామంది త్వరగానే కోలుకుని ఇంటికెళ్లారు. కానీ కళ్లముందే అమ్మ పడిపోవడం చూసిన బిడ్డ భయం ఏ రక్తపరీక్షలోనూ కనపడదు.

ఇలాంటి పిల్లాణ్ణి మనవైపు జడుసుకున్నాడంటారు, తాయెత్తు కట్టిస్తారు. నేను దాన్ని తప్పుపట్టను, బిడ్డ బెదిరిన సంగతి ఇంట్లోవాళ్లు కనిపెట్టారు కదా! అయితే నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, పక్క తడపడం, బడికి వెళ్లననడం తగ్గకపోతే అక్కడితో ఆగకూడదు.

మానసిక చికిత్స అంటే ఏళ్ల తరబడి తిరగాలనుకుంటాం. నార్వేలోని బెర్గెన్ కేంద్రంగా పనిచేసే ‘చిల్డ్రన్ అండ్ వార్ ఫౌండేషన్’ పద్ధతిలో పిల్లలకు 5 విడతలు, తల్లిదండ్రులకు 2 విడతలు చాలు. బడిలోనే, గుంపుగా నడపొచ్చు. డాక్టర్లు దొరకనిచోట శిక్షణ పొందిన టీచర్లే నేర్పొచ్చు. వెంటాడే దృశ్యాన్ని టీవీ తెరమీద ఊహించుకుని, దూరం జరపడం, చిన్నది చేయడం అందులో ఒక సాధన. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన మరో పద్ధతిలో బిడ్డనూ పెంచేవాళ్లనూ కలిపి కూర్చోబెడతారు. అది 5 నుంచి 8 విడతలు.

నాకు అన్నిటికన్నా నచ్చింది తాడు పద్ధతి. శరణార్థి పిల్లల కోసం జర్మనీలోని కాన్‌స్టాన్జ్ పరిశోధకులు దీన్ని మలిచారు. నేలమీద పరిచిన తాడే బిడ్డ జీవితం. మంచి జ్ఞాపకం దగ్గర పువ్వు, భయపడ్డచోట రాయి పెడతాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు విజయవాడను ముంచి కొల్లేరుకు చేరాయి, సరస్సు మధ్యనున్న లంక గ్రామాల దారులు మునిగాయి. అక్కడి పిల్లాడు ఆ సెప్టెంబరుకో రాయి పెట్టాడనుకుందాం. ఏం చూశావు, ఏం వినపడింది, ఒంట్లో ఎలా అనిపించింది, తర్వాత ఏమైంది అని వరుసగా, నెమ్మదిగా అడుగుతారు. ఆ చివరి ప్రశ్నలోనే చికిత్స ఉందని నాకనిపిస్తుంది. జరిగింది జరిగిపోయిందనీ, తాడు ఇంకా ముందుకుందనీ బిడ్డకు తెలిసేది అక్కడే.

అలాగని వరద తీయకముందే పునరావాస కేంద్రంలో పిల్లల ముందు మైకు పెట్టి జరిగిందంతా చెప్పమనడం వైద్యం కాదు. ఘటన జరిగిన వెంటనే అంతా తవ్వించే ఒక్క పూట కౌన్సెలింగ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ వద్దంది. తొలి నెలలో పిల్లలకు బెంజోడయజెపైన్ అనే మత్తు మాత్రలు ఇవ్వొద్దని 2013లో చెప్పింది. ముందు కావలసింది అన్నం, నిద్ర, అమ్మానాన్నల తోడు.

ప్రభుత్వ వైద్యశాలల్లో మానసిక చికిత్స పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చిన హక్కు. ఏలూరు ప్రభుత్వాసుపత్రిలోనూ, తాడేపల్లిగూడెం ఏరియా ఆస్పత్రిలోనూ ఈ పొట్టి చికిత్సలు తెలిసిన ఒక్కో కౌన్సెలర్ ఉండాలని గట్టిగా అడగాలి. లంకల బడుల్లో వానాకాలానికి ముందే టీచర్లకు శిక్షణ ఇవ్వాలి.

ఈలోపు ఫోన్‌లో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలి మానస్ ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైంది. నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. బిడ్డ మాట్లాడనంటే తల్లయినా ఫోన్ చేయొచ్చు.