మీకు తెలుసా? పచ్చని మైదానం కింద ఇసుక!

కృష్ణా డెల్టా నల్లరేగడి క్రికెట్ పిచ్‌కు బాగా పనికొస్తుంది. తడిపి, రోలర్‌తో తొక్కించి ఆరబెడితే రాయిలా బిగుస్తుంది. ఔట్‌ఫీల్డ్‌కు మాత్రం అదే మట్టి గండం. వానొస్తే నీరు ఇంకక బురదవుతుంది, ఎండాకాలం నెర్రెలిస్తుంది. పరుగెత్తే ఫీల్డర్ చీలమండ మెలిక పడటానికి ఒక్క నెర్రె చాలు.

అందుకే ఇప్పటి మంచి మైదానాల్లో అడుగున చిల్లుల గొట్టాలు, కంకర పరిచి, పైన దాదాపు అడుగు మందాన ఇసుక పోస్తారు. గడ్డి పెరిగేది ఆ ఇసుకలోనే. బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలోనైతే 2017లో నీటిని కిందినుంచి యంత్రాలతో లాగేసే ఏర్పాటు కూడా చేశారు.

ఇంతకీ ఆ గడ్డి ఏది? బెర్ముడా గ్రాస్ అని పేరు గొప్పగా ఉంటుంది గానీ, వినాయక చవితి పూజకు కోసుకొచ్చే మన గరికే! తొక్కినా చావదు, కత్తిరించేకొద్దీ ఒత్తుగా అల్లుకుంటుంది. స్టేడియాల్లో ఎక్కువగా దాని సంకర రకాలు వేస్తారు.

అయితే ఇలాంటి పోషణ అన్ని మైదానాలకూ దక్కదు. విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో 2002 నవంబర్ 24న భారత్–వెస్టిండీస్ పురుషుల వన్డే జరిగింది. 2016 నవంబర్‌లో అవే దేశాల మహిళల జట్లు తలపడింది మాత్రం నగరానికి దగ్గర్లోని మూలపాడులో, క్రికెట్ కోసమే కట్టిన మైదానంలో. పరేడ్లూ సభలూ కూడా మోసే ఇందిరాగాంధీ స్టేడియం నేలకు క్రికెట్ ఒక్కటే చూసుకునే సుఖం ఎక్కడిది?