చిన్న సొమ్ముతో పెద్ద ఇంజిను

గుర్రంకొండ పేరులోనే గుర్రం ఉంది. యంత్రాల బలాన్ని లోకం నేటికీ గుర్రాలతోనే కొలుస్తున్నది. తన ఆవిరియంత్రం ఎన్ని గుర్రాల పని చేయగలదో కొనేవారికి తెలియజెప్పేందుకు పద్దెనిమిదవ శతాబ్దంలో జేమ్స్ వాట్ ఈ కొలతను స్థిరపరిచాడు. ఒక అశ్వశక్తి సుమారు 746 వాట్లు.

పాత జీపుకో, కారుకో తక్కువ ఖర్చులో పెద్ద ఇంజిను బిగించాలన్న ఉబలాటం మన యువకులలోనూ కనిపిస్తుంది. ఈ కోరికకు ఒక చరిత్ర ఉంది.

మధ్యస్థాయి కారులో భారీ వి-8 ఇంజినును అమర్చిన వాహనాలను అమెరికాలో మజిల్ కార్లన్నారు. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోలో సుమారు 6.4 లీటర్ల ఇంజిను ఉండేది. మన అంబాసిడర్ పాత పెట్రోలు ఇంజిను 1.5 లీటర్లు మాత్రమే. క్రమంగా ఈ కార్లకు హంగులు పెరిగి, ధరలూ పెరిగాయి. అప్పుడు 1968 నమూనాగా ప్లిమత్ సంస్థ రోడ్ రన్నర్‌ను తెచ్చింది. 6.3 లీటర్లు, 335 అశ్వశక్తి; ప్రారంభ ధర మాత్రం మూడు వేల డాలర్ల లోపే.

ఇది ఎలా సాధ్యమైంది? సాదా బెంచీ సీట్లు వేశారు. తివాచీకి బదులు రబ్బరు పట్టా పరిచారు. అలంకారాలు తగ్గించారు. కాని సస్పెన్షన్‌ను, బ్రేకులను, గేరుపెట్టెను దృఢంగానే ఉంచారు. ఆడంబరంలో పొదుపు చేశారు, భద్రతలో చేయలేదు.

మన షెడ్లలో తరచుగా దీనికి విరుద్ధంగా జరుగుతుంది. సొమ్మంతా ఇంజినుకు, రంగుకు, పెద్ద చక్రాలకు పోగా బ్రేకులు పాతవే మిగులుతాయి. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ భారాన్ని పాత బ్రేకులు, క్లచ్చి, రేడియేటరు మోయలేవు. కొండదారి మలుపులో ఈ లోపం ప్రాణాంతకం.

చట్టాన్నీ గమనించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టం చేసింది. ఉల్లంఘించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఇంజిను మార్చదలిస్తే ముందుగా రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి పొందాలి.

కనుక పరిమిత సొమ్ము గలవారికి మేలైన మార్గం, ఉన్న ఇంజినునే బాగు చేయించడం. ముందు కంప్రెషన్ పరీక్ష చేయించాలి. సిలిండరు అరిగితే లేత్ షాపులో బోరు చేయించి, ఆ కొలతకు తగిన పిస్టన్లు, రింగులు వేయించాలి. క్రాంకు అరిగితే గ్రైండింగ్ చేయించి, దానికి సరిపడే బేరింగులు తెప్పించాలి. బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ సరిగా ఉన్న తరువాతనే రంగు సంగతి.

ఇంట్లో కుర్రవాడు ఇటువంటి కోరిక వెల్లడిస్తే పెద్దలు కసరవలసిన పని లేదు. ఖర్చుల పట్టీ రాసి తెమ్మనండి. అందులో బ్రేకులు ఎన్నవ వరుసలో ఉన్నాయో చూడండి. వడ్డీ అప్పు కనిపిస్తే ఆ వరుసను కొట్టివేయించండి. మిగిలిన సొమ్ముకు సరిపడే పనిని మాత్రమే మొదలుపెట్టనివ్వండి.