చేపల తొట్టిలోని నీరు

చేపల తొట్టి కొని ఇంటికి తెచ్చుకున్నవారిలో చాలామంది అనుభవం ఒక్కటే. మొదటి మూడు రోజులు ఇల్లంతా పండుగ. పిల్లలు బడినుంచి వస్తూనే పుస్తకాల సంచి ఒక మూల పడవేసి తొట్టి ముందు కూర్చుంటారు. అయిదారు రోజులకు ఒక చేప నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ కనిపిస్తుంది. రెండు వారాలు గడిచేసరికి సగం చేపలు పోతాయి. పిల్లలు కంటతడి పెడతారు. పెద్దలు అంగడివాడిని తిట్టుకుంటారు; లేదా, "ఇది మనకు అచ్చిరాలేదు" అని తొట్టిని అటక ఎక్కిస్తారు.

ఆ మధ్య ఒక శ్రోత మాకు ఇట్లా వ్రాశారు: "మా అమ్మాయి ముచ్చటపడితే తొట్టి కొన్నాము. రెండు రోజులకొకసారి నీరంతా మారుస్తున్నాము. గులకరాళ్ళను సబ్బుతో కడుగుతున్నాము. పూటపూటకూ మేత వేస్తున్నాము. అయినా చేపలు బ్రతకడం లేదు. ఇంతకంటె ఏమి చేయగలము?"

ఆ ఉత్తరం చదివినప్పుడు నాకు నా మొదటి తొట్టి జ్ఞాపకం వచ్చింది. నేనూ ప్రతి ఆదివారం చేపలను ఒక బేసినులోకి తీసి, తొట్టిని తళతళలాడేటట్లు తోమి, కుళాయి నీటితో నింపేవాడిని. ఒక్కొక్క ఆదివారం ఒకటి రెండు చేపలు తగ్గుతూ వచ్చాయి. అశ్రద్ధ వల్ల కాదు, శ్రద్ధ వల్లనే అవి చనిపోయాయని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ శ్రోతకు నేను వ్రాసిన జవాబునే కొంత విస్తరించి ఇక్కడ చెబుతాను.

చేపకు నీరే ఇల్లు, నీరే గాలి. అది తినేదీ, విసర్జించేదీ ఆ నీటిలోనే. చేప శరీరంలో పుట్టే అమ్మోనియా అనే విషపదార్థం ఎక్కువ భాగం మొప్పల ద్వారా నీటిలోకి వస్తుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియాయే పుడుతుంది. చెరువులో అపారమైన నీరు ఉన్నది కనుక అది పలచబడిపోతుంది. అద్దాల తొట్టిలో అట్లా పోయే దారి లేదు. తలుపులు, కిటికీలు బిగించిన గదిలో కుంపటి రాజేసి కూర్చున్నవాడి స్థితి ఎటువంటిదో, క్రొత్త తొట్టిలో చేప స్థితి అటువంటిది. పైగా ఆ నీరు చూడడానికి స్ఫటికంలాగా ఉంటుంది. అందువల్లనే మనం మోసపోతాము.

మరి పాత తొట్టిలో చేపలు ఏళ్ళ తరబడి ఎట్లా బ్రతుకుతున్నాయి? కంటికి కనిపించని సూక్ష్మజీవుల సహాయం వల్ల. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. ఇదికూడా విషమే; చేప రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తి లేకుండా చేస్తుంది. మరొక జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ వల్ల హాని చాలా తక్కువ. మొక్కలకు అది ఆహారం. నేలలో జరిగే ఈ మార్పు సూక్ష్మజీవుల పనియేనని 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. పొలంలో జరిగే పనే మన తొట్టిలోనూ జరుగుతున్నది.

ఈ సూక్ష్మజీవులు గులకరాళ్ళకు, అద్దానికి, ముఖ్యంగా వడపోత యంత్రంలోని స్పంజికి పట్టుకొని నివసిస్తాయి. క్రొత్త తొట్టిలో అవి తగినంతగా వృద్ధి చెందడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సబ్బుతో తోమినప్పుడు, క్లోరిన్ ఉన్న కుళాయి ధార క్రింద స్పంజిని కడిగినప్పుడు మనం పారబోస్తున్నది మురికిని మాత్రమే కాదు, చేపలను కాపాడే సేవకులను కూడా.

మన గృహిణులకు ఈ విషయం సులభంగానే అర్థమవుతుంది. పాలు పెరుగు కావాలంటే తోడు వేసి, కుండ కదపకుండా ఉంచవలె. తొట్టి సంగతీ అంతే. పాత తొట్టి ఉన్న స్నేహితుల ఇంటినుంచి వాడుకలో ఉన్న స్పంజి ముక్కనో, గుప్పెడు గులకరాళ్ళనో తడి ఆరకుండా తెచ్చి వేస్తే, అది తోడు వేసినట్లే. పని త్వరగా సాగుతుంది. అయితే ఆ తొట్టిలో చేపలకు జబ్బులేవీ లేవని ముందుగా విచారించుకోవలె.

ఇక క్రమంగా చెబుతాను. మొదటిది తొట్టి. గుండ్రని గాజు కుండ చూడముచ్చటగా ఉంటుంది గాని చేపకు అది చెరసాల. అందులో పట్టే నీరు తక్కువ. పైకి వచ్చేకొద్దీ మూతి ఇరుకు కావడంవల్ల గాలి తగిలే వైశాల్యమూ తక్కువ. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టి క్రొత్తవారికి అనువైనది. అందులో సుమారు 54 లీటర్ల నీరు పడుతుంది. అంటే నీటి బరువే 54 కిలోలు. అద్దమూ రాళ్ళూ అదనం. కాబట్టి గట్టి బల్ల, సమమైన నేల కావలె. ఎండ నేరుగా పడేచోట పెడితే నీరు వేడెక్కుతుంది, నాచు పడుతుంది. మీ రేడియో ఉన్న గదిలోనే పెట్టుకోండి, అభ్యంతరం లేదు. రేడియో ఉన్న బల్లమీద మాత్రం వద్దు. నీరూ విద్యుత్తూ దగ్గరగా ఉండేచోట ఒక జాగ్రత్త: యంత్రాల తీగ ప్లగ్గుకంటె క్రిందికి ఒక వంపు తిరిగి పైకి వచ్చేటట్లు అమర్చవలె. అప్పుడు తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గర నేలమీద పడుతుంది గాని ప్లగ్గులోకి పోదు. నీటిలో చేయి పెట్టేముందు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసివేయవలె.

రెండవది నీరు. పట్టణాలలో కుళాయి నీటిలో క్లోరిన్ కలుపుతారు. మనకు అది రక్ష, చేప మొప్పలకు శిక్ష. వెడల్పు మూతిగల బకెట్టులో ఒక రోజంతా నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. కొన్నిచోట్ల క్లోరమీన్ వాడతారు; అది నిలవ ఉంచినంత మాత్రాన పోదు. అందుకు చేపల అంగళ్ళలో విరుగుడు మందు దొరుకుతుంది. సీసామీద చెప్పిన ప్రమాణంలో చుక్కలు వేస్తే చాలు. బోరునీటిలో క్లోరిన్ ఉండదు గాని కాఠిన్యం ఉండవచ్చు. నీరు కాచే గిన్నె అడుగున తెల్లని గార కడుతూ, సబ్బు నురగ సరిగా రాకపోతే అది కఠిన జలమని తెలుసుకోవచ్చు. అటువంటి నీటిలో గప్పీ, మోలీ, ప్లాటీ జాతులు చక్కగా బ్రతుకుతాయి. త్రాగడానికి యంత్రంలో శుద్ధిచేసిన నీటిలో లవణాలు చాలావరకు పోతాయి కనుక, కేవలం ఆ నీటినే తొట్టిలో పోయడం మంచిది కాదు.

మూడవది ఓర్పు. తొట్టి నింపి, వడపోత యంత్రం నడుపుతూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయవలె. అది కుళ్ళి అమ్మోనియా పుడుతుంది. దానిని తినే సూక్ష్మజీవులు పెరుగుతాయి. నీటి పరీక్షకు వాడే చుక్కల మందులు అంగళ్ళలో దొరుకుతాయి. మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తరువాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనిపించిననాడు కొంత నీరు మార్చి, అప్పుడు చేపలను తీసుకొని రావలె. అదీ ఒకేసారి కాదు. మొదట మూడు నాలుగు, పది రోజుల తరువాత మరికొన్ని.

చేపలను తెచ్చిన సంచిని మూతి విప్పకుండా పావుగంటసేపు తొట్టి నీటిమీద తేలనిస్తే రెండు నీళ్ళ వేడి సమానమవుతుంది. తరువాత చిన్న వలతో చేపలను మాత్రమే తొట్టిలోకి వదిలి, సంచిలోని నీటిని బయట పారబోయవలె.

ఏ చేపలు? నేను చెప్పిన కొలత తొట్టిలో ఎనిమిది పది గప్పీలు సుఖంగా ఉంటాయి. మగవాటినే తెచ్చుకుంటే సంతానం పెరిగి తొట్టి కిక్కిరిసే ప్రమాదం ఉండదు. జీబ్రా చేప మన దేశపుదే. గంగానది చేపలపై ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రచురించిన గ్రంథంలో దానిని వర్ణించాడు. నేడు ప్రపంచమంతటా పరిశోధనశాలలలో దానిని పెంచుతున్నారు. అది గుంపుగా తిరిగే చేప కనుక ఆరింటికి తగ్గకుండా ఉంచవలె. ఫైటర్ చేప మగవి రెండింటిని ఒకచోట ఉంచితే ఒకదానినొకటి చీల్చుకుంటాయి. అందరూ ముందుగా కోరే బంగారు చేప మాత్రం ఇంత చిన్న తొట్టికి తగదు. అది జానెడు పెరుగుతుంది, పది పన్నెండేళ్ళు బ్రతకగలదు, నీటిని త్వరగా కలుషితం చేస్తుంది.

మొక్కల విషయంలో మనం అదృష్టవంతులము. రిబ్బనులవంటి ఆకులుగల వాలిస్నేరియా, హైడ్రిల్లా మన చెరువులలో, కాలువలలో పెరిగేవే. 1850లో లండనులో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఒక గాజు తొట్టిలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచి పరిశీలించాడు. మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడడం చూసి, వాటిని తినే చెరువు నత్తలను కూడా వదిలాడు, తొట్టి కుదుటపడింది. ఒక జీవి వదిలినది మరొక జీవికి ఆహారమయ్యే ఏర్పాటు ఉంటేనే తొట్టి నిలుస్తుందని ఆయన చూపించాడు.

మేత విషయంలో మన ప్రేమను అదుపులో పెట్టుకోవలె. రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాలలో చేపలు పూర్తిగా తినగలిగినంత మాత్రమే వేయవలె. వారానికి ఒకరోజు ఉపవాసం ఉంచినా హాని లేదు. ఇంటిలో ఎవరో ఒకరు మాత్రమే మేత వేసే బాధ్యత తీసుకుంటే మంచిది. లేకపోతే తాతగారు ఒకసారి, మనుమడు ఒకసారి, వచ్చిన చుట్టాలు ఒకసారి వేస్తారు.

వారానికొకసారి నాలుగవ వంతు నీటిని మాత్రమే మార్చవలె. రబ్బరు గొట్టంతో రాళ్ళ సందులలోని మడ్డిని నీటితోపాటు బకెట్టులోకి లాగి, అంతే మంచి నీటిని నెమ్మదిగా పోయవలె. స్పంజి మూసుకుపోతే, బకెట్టులోకి తీసిన ఆ నీటిలోనే రెండుసార్లు పిండి తిరిగి పెట్టవలె. సబ్బు మాట మరచిపోండి. మిగిలిన మురికినీటిని మల్లెపాదుకు పోయండి. అందులోని నైట్రేట్ మొక్కకు ఎరువు.

మన ప్రాంతంలో అసలు పరీక్ష వేసవిలో. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇమిడితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మాత్రమే ఇముడుతుంది. వేడిలో చేపకు కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది. అందుచేత ఏప్రిల్, మే నెలలలో మూత తీసి వలబట్ట కప్పి, నీటి ఉపరితలంమీదుగా పంకా గాలి తగలనివ్వవలె. మంచుగడ్డలు వేసి ఒక్కసారిగా చల్లబరచరాదు. కరెంటు పోయి గాలి యంత్రం ఆగిపోతే మేత ఆపివేసి, చెంబుతో నీటిని ముంచి జానెడు ఎత్తునుంచి తిరిగి ధారగా పోస్తూ ఉండవలె. బ్యాటరీతో నడిచే చిన్న గాలి యంత్రం ఇంటిలో ఉంటే రాత్రులు నిశ్చింతగా నిద్రపోవచ్చు.

చేప నలతగా కనిపిస్తే వెంటనే మందు సీసా అందుకోవద్దు. ముందుగా నీటిని పరీక్షించి, పావువంతు మార్చి చూడండి. చాలా జబ్బులకు మూలం నీటిలోనే ఉంటుంది.

చివరగా ఒక విన్నపం. విసుగు పుట్టి గాని, జాలిపడి గాని తొట్టిలోని చేపలను చెరువులో వదలవద్దు. దక్షిణ అమెరికానుంచి అలంకారానికి వచ్చిన సక్కర్ చేప ఈనాడు మన జలాశయాలలో వ్యాపించి, జాలరుల వలలు చింపుతూ, స్థానిక చేపల ఆహారానికి పోటీ వస్తున్నది. పెంచలేకపోతే అంగడికో, పెంచుకునే మరొకరికో ఇవ్వడం ధర్మం.

ఆ శ్రోతకు నేను ఆరు వారాలు ఆగమని వ్రాశాను. "చేపలు లేని తొట్టిని చూస్తూ అమ్మాయి అన్నాళ్ళు ఊరుకుంటుందా?" అని మళ్ళీ ఉత్తరం వచ్చింది. పరీక్ష చుక్కలు ఆ అమ్మాయి చేతికే ఇచ్చి, రెండు రోజులకొకసారి నీటి రంగు ఎట్లా మారుతున్నదో ఒక నోటు పుస్తకంలో వ్రాయించమన్నాను. ఏమీ లేదనుకునే నీటిలో ఎంత జీవం పని చేస్తున్నదో ఆ పుస్తకమే ఆమెకు చెబుతుంది. అది తెలిసిన పిల్ల చేతిలో చేపలు క్షేమంగా ఉంటాయి.