పాత ఫోనుకు కొత్త కొలువు

1887లో ఏర్పడిన బెంగాల్–నాగపూర్ రైల్వే దారి వెంట కొలువులకై తరలివచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన వారిలో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడనే నెలకొన్నది. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు వినిపించే ఇటువంటి ఇళ్ళలో తాతగారి కంఠస్వరం, పెళ్ళి ఫోటోలు ఏదో ఒక పాత ఫోనులో నిలిచి ఉంటాయి. కొత్త ఫోను రాగానే పాతది బీరువా సొరుగు చేరుతుంది. కొంతకాలానికి అందులోనిది అంతా పోతుంది.

ఆ ఫోనునే ఇంటి సర్వరుగా మార్చవచ్చును. సర్వరు అనగా స్టేషనులోని విచారణ కేంద్రం వంటిది: నిరంతరం తెరచి ఉండి, అడిగిన వారికి అడిగినది అందించాలి. ఇందుకు అవసరమైన ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, వై-ఫై ఫోనులో ఉండనే ఉన్నాయి. విద్యుత్తు కొద్ది వాట్లు చాలును; కరెంటు పోయినపుడు బ్యాటరీయే ఆదుకుంటుంది. ఆండ్రాయిడ్ 7 లేదా ఆపై రకమైతే ‘టెర్మక్స్’ అనే ఉచిత అనువర్తనం ద్వారా లినక్స్ ప్రోగ్రాములు నడుస్తాయి. ‘కివిక్స్’ ద్వారా తెలుగు, హిందీ వికీపీడియాలను ఒకసారి దించుకుంటే, ఇంటర్నెట్టు లేకున్నా ఇంటిల్లిపాది తమ తమ ఫోన్లలో చదువుకోవచ్చును. తెలుగు లిపి కంటబడడమే అరుదైన పిల్లలకు ఇది చిన్న విషయమేమీ కాదు.

ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయ పరిశోధకులు పాత ఫోన్లను జతపరచి చిన్న డేటా కేంద్రాలుగా మలచినట్లు 2025లో వెల్లడించారు. ఒక్కొక్క ఫోనుకు అయిన ఖర్చు సుమారు 8 యూరోలు. అయితే వారు ముందుగా చేసిన పని బ్యాటరీలను తొలగించి, బయటి నుండి విద్యుత్తు అందించడం.

అసలు ప్రమాదం అక్కడనే ఉన్నది. రాత్రింబవళ్ళు ఛార్జింగులో ఉన్న లిథియం బ్యాటరీ, అందునా ఛత్తీస్‌గఢ్ ఎండలలో, ఉబ్బవచ్చును, అంటుకోనూ వచ్చును. బ్యాటరీని విప్పడం నిపుణుల పని. సౌకర్యమున్న ఫోనులో ఛార్జింగును 80 శాతానికి పరిమితం చేయాలి. పరుపులకు, పరదాలకు దూరంగా, గాలి తగిలే చోట ఉంచాలి. వెనుక భాగం ఏమాత్రం ఉబ్బినా వాడకం మానివేసి, 2022 నాటి ఇ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన కేంద్రానికి అప్పగించాలి.

మరొక సంగతి. పాత ఫోనుకు భద్రతా సవరణలు రావు గనుక దానిని ఇంటి వై-ఫైకే పరిమితం చేయాలి. దాని జ్ఞాపక చిప్పు కూడా శాశ్వతం కాదు. తాతగారి స్వరానికి రెండవ ప్రతి వేరొక చోట ఉండవలసినదే. బదిలీ ఉత్తర్వు వచ్చిననాడు మాత్రం చిక్కు లేదు: కొత్త క్వార్టరులోని వై-ఫై పేరు, సంకేతపదం నమోదు చేస్తే సర్వరు మళ్ళీ పనిలోకి దిగుతుంది.